గిరిబాబు గ్రాఫిక్స్ కార్డు

ఆదివారం ఆరాధన అయిపోయి, ఇంటికొచ్చి, కోడికూరతో అన్నాలు తిని, కాసేపు నడుం వాల్చి లేచి, దేవమణి గొడుగు తీసుకుని స్త్రీల కూడికకి బయల్దేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి కొడుకు బల్ల వంక చూసింది.

“ఆ తీగలన్నీ అలాగ బయటికి పరుసుకుని కూకున్నావు. సూస్తేనే బయమేస్తన్నాది నాకు.”

“ఏటీ అవదమ్మా. ఫ్యాక్టరీలో ఇంతకి పదింతల తీగలు నా సేతిలోనే ఉంటాయి.”

“వాన పెద్దదయ్యేలాగున్నాది. కిటికీలు ఏసుకో. ఆరింటికల్లా వచ్చేస్తాను.”

ఆమె వెళ్లిపోయింది. స్టాన్లీ తలుపు దగ్గరగా వేసి బల్ల ముందు కూర్చున్నాడు.

గరివిడిలో రైలు గేటు అవతల సందులో రెండు గదుల అద్దె ఇల్లది. తండ్రి పోయాక తల్లీ కొడుకూ ఇద్దరే. స్టాన్లీకి ఇరవై ఏడేళ్లు. ఊళ్లో ఫ్యాక్టరీలో కరెంటు పని. ఫర్నేసు వేడిలోంచి బయటపడి ఇంటికొచ్చాక అతనికున్న సరదా ఒక్కటే, కంప్యూటరు ఆటలు. సిగరెట్టు లేదు, సినిమా లేదు, సాయంత్రమైతే లాప్‌టాప్ తెరవాల్సిందే.

ఆ లాప్‌టాప్ కొని అయిదేళ్లయింది. కొన్న రోజున దాన్ని గేమింగ్ లాప్‌టాప్ అనే అమ్మారు. రెండువేల పదిహేడు వచ్చేసరికి కొత్త ఆట ఏది వేసినా బొమ్మ తడబడుతూ కదిలేది. అడుగున చెయ్యి పెడితే పెనంలా కాలేది. లోపలున్న బొమ్మల చిప్పు మార్చడానికి వీల్లేదు. కానీ ఒక దారుంది. పెద్ద కంప్యూటర్లలో వేసే గ్రాఫిక్స్ కార్డుని బయటే నిలబెట్టి, తీగతో లాప్‌టాప్‌కి కలపొచ్చు. అందుకు అరచేతంత బోర్డు ఒకటి చైనా నుంచి తెప్పించుకోవాలి. లాప్‌టాప్ అడుగు మూత విప్పి, వైఫై కార్డు పీకేసి, ఆ ఖాళీలో బోర్డు తీగ గుచ్చాలి. కార్డుకి కరెంటు ఇవ్వడానికి ఇటుకంత పవర్ సప్లై పక్కన పెట్టుకోవాలి. వైఫై పీకేశాం కాబట్టి ఇక లాప్‌టాప్‌కి నెట్ రాదు. కావాలంటే ఫోన్ని తీగతో తగిలించుకోవాలి.

బోర్డు ఇరవై అయిదు రోజులకి వచ్చింది. పవర్ సప్లై విజయనగరంలో పాత సామాన్ల కొట్లో దొరికింది. కార్డు మాత్రం కొన్నది కాదు.

అది గిరిబాబుది.

శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లో స్టాన్లీ, గిరిబాబు మూడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. గిరిబాబుది పొందూరు. డిప్లొమా అయ్యాక ఉద్యోగానికి వెళ్లకుండా ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని ఫ్లెక్సీలు తయారుచేసేవాడు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల దండాలు, శ్రద్ధాంజలులు. బొమ్మల పని కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్నాడు. పగలు దాని మీద ఫ్లెక్సీలు, సాయంత్రం ఆట.

గిరిబాబు తల్లి జగ్గమ్మ సన్న నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, మెత్తగా చేసి, రాట్నం మీద తీస్తుంది. ఆ ఇంట్లో గోడల మీదా దీపాల మీదా నూగే. ఆ నూగు వల్లనో పుట్టుకతోనో గిరిబాబుకి చిన్నప్పటినుంచీ ఆయాసం. జేబులో ఇన్‌హేలర్, గుండెలకి నీలగిరి తైలం. కాలేజీలో అతని పక్కన కూర్చున్నవాళ్ల పుస్తకాలకి కూడా ఆ వాసన పట్టేది.

ప్రతి సాయంత్రం వాడు పొందూరులో, వీడు గరివిడిలో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే జట్టులో తుపాకుల ఆట ఆడేవాళ్లు. మాటలు మైకులో. గిరిబాబు మాట వెనకాల ఎప్పుడూ జగ్గమ్మ పత్తి దువ్వే చప్పుడు వినిపించేది. సర్రు... సర్రు... సర్రు... మొదట్లో స్టాన్లీ విసుక్కునేవాడు. తర్వాత ఆ చప్పుడు లేకపోతే ఆట ఆడినట్టే ఉండేది కాదు.

జూలైలో ఒక గురువారం సాయంత్రం గిరిబాబు పోయాడు. ఆయాసం ఎక్కువై, కంప్యూటరు ముందు కుర్చీలోనే, చెవులకి హెడ్‌ఫోన్లు ఉండగానే. తల్లి ఆమదాలవలసలో చుట్టాలింటికి వెళ్లి, ఎనిమిదింటికి తిరిగొచ్చి చూసింది.

మర్నాడు స్టాన్లీ వెళ్లాడు. శవం పక్కన కూర్చున్న జగ్గమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“ఆ పూట నీతో ఏటైనా మాటాడినాడా బాబూ?”

“లేదమ్మా. నిన్న నాకు డ్యూటీ. అసలు ఆడనేలేదు.”

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. అన్నాక చెయ్యి విడిపించుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆమె గట్టిగా పట్టుకోలేదు. అతనే విడిపించుకోలేకపోయాడు.

నెల తిరిగాక మళ్లీ వెళ్లాడు. చూసి రావడానికని తల్లికి చెప్పాడు. తనకీ అలాగే చెప్పుకున్నాడు. కానీ గదిలో గిరిబాబు కంప్యూటరు పెట్టె కనిపించగానే కళ్లు అక్కడే ఆగిపోయాయి. అడక్కుండా ఉంటే బాగుండేది. అడిగాడు.

జగ్గమ్మ మారుమాట అనలేదు. కార్డు ఊడదీసి అతను బయటికి తెస్తే, తను వడికిన నూలుతో నేసిన గుడ్డముక్క ఒకటి తెచ్చి చుట్టి చేతిలో పెట్టింది.

“నీ కాడుంటే ఆడి కాడున్నట్టేరా. డబ్బులు గిబ్బులంటే ఒప్పుకోను.”

ఇంటికి తెచ్చి విప్పి చూస్తే కార్డు ఫ్యాను రెక్కల సందుల్లో నూగు దిమ్మకట్టి ఉంది. బ్రష్షుతో లాగిన కొద్దీ వచ్చింది. గుప్పెడు. బూడిదరంగుకి తిరిగిన పత్తి. కిటికీలోంచి పారబోస్తుంటే గాలికి కొంత మొహం మీదికే వచ్చింది. అప్పుడు మొదలైన దగ్గు రెండు రోజులుంది.

కార్డు ఒక పట్టాన పనిచెయ్యలేదు. మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాడు. లాప్‌టాప్ కార్డుని గుర్తుపట్టేది, పక్కన పసుపు గుర్తు పెట్టి పని చెయ్యనని మొరాయించేది. తీగ రవ్వంత కదిలినా తెర బిగుసుకుపోయేది. పవర్ సప్లై ఒక్క క్షణం ఆగినా అంతే, మొదటికి. శనివారం ఏదో పాత సాఫ్ట్‌వేర్ వేసి, ఆపి, మళ్లీ వెలిగిస్తే ఆ పసుపు గుర్తు పోయింది.

ఇప్పుడు, ఈ ఆదివారం, మొదటిసారి ఆట వెయ్యబోతున్నాడు.

బయట వాన పట్టుకుంది. కిటికీ అద్దాల మీద ఫ్యాక్టరీ మసి కరిగి నల్లగా కారుతోంది. మూడున్నరకే గది చీకటిగా అయిపోయింది. తడిసిన గోడల చెమ్మ వాసన, కొత్త బోర్డు వేడెక్కుతున్న ప్లాస్టిక్ వాసన. స్టాన్లీ ఫోను తగిలించలేదు. నెట్ అక్కర్లేదు, ఒక్కడూ సాధన చేసుకునే ఆట చాలు అనుకున్నాడు. ఫోను మంచం మీద పడేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆట తెరిచాడు.

తెర చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ఇన్నాళ్లూ పచ్చటి మరకలా కనిపించిన నేల మీద గడ్డిపోచలు విడివిడిగా ఊగుతున్నాయి. నీళ్లలో మబ్బు కదులుతోంది. తుపాకీ తిప్పితే లోకమంతా నూనె పూసినట్టు జారుతూ తిరుగుతోంది. బల్ల మీద కార్డు ఫ్యాను మెత్తగా గుయ్ మంటోంది. స్టాన్లీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, “సూడ్రా మావా, ఎలగుందో!” అనబోయాడు.

అనబోయి ఆగాడు. ఆ మాట వినాల్సినవాడి కార్డు అది.

ఆడటం ఆపి ఊరికే కూర్చున్నాడు. అప్పుడు విన్నాడు, ఫ్యాను చప్పుడు మారింది. వేగం పెరుగుతోంది... తగ్గుతోంది. పెరుగుతోంది... తగ్గుతోంది. వేడిని బట్టి ఫ్యాను మారడం మామూలే. కానీ ఇది తూకం తప్పకుండా పోతోంది. పైకి లాగినప్పుడు సన్నటి ఈల. కిందికి వదిలినప్పుడు గరగర.

చెమ్మ వాసనలో కొత్త వాసన ఒకటి కలిసింది. స్టాన్లీ ముక్కు ఎగబీల్చాడు.

నీలగిరి తైలం.

అమ్మ రాసుకుని వెళ్లిందేమో అనుకున్నాడు. వంటగది వైపు చూశాడు. మళ్లీ తెర వైపు తిరిగేసరికి, కింద ఎడమ మూల ఆటగాళ్ల పేర్లుండే చోట తన పేరు కింద ఇంకో పేరుంది.

గిరి పొందూరు.

స్టాన్లీ లేచి మంచం మీద ఫోను చూశాడు. అలాగే ఉంది. తీగ లేదు. నెట్ ఆపేసి ఉంది. లాప్‌టాప్ వైఫై కార్డు అగ్గిపెట్టెలో, అలమారులో ఉంది. తన చేత్తో తనే పెట్టాడు.

పాత పేరేదో లోపల దాచుకుని చూపిస్తోందిలే... అదే అయ్యుంటుంది... కూర్చుని, ఆట మూసేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాడు.

కరెంటు పోయింది.

తల మీద ఫ్యాను నెమ్మదించి ఆగింది. పవర్ సప్లై మీద పచ్చ దీపం ఆరిపోయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కార్డుకి లేదు. తెర బిగుసుకుపోవాలి. మూడు రోజుల్లో పదిసార్లు చూశాడు అది.

తెర బిగుసుకోలేదు. గడ్డిపోచలు ఊగుతూనే ఉన్నాయి. కరెంటు లేని కార్డు మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. పెరుగుతోంది... తగ్గుతోంది...

గిరి పొందూరు అన్న పేరు పక్కన మైకు గుర్తు వెలిగింది.

“ఒరే... స్టాన్లీ...”

హెడ్‌ఫోన్లలో. రెండు చెవుల మధ్యలో.

“మావా... ఉన్నావేటిరా...”

స్టాన్లీ కదలలేదు. భయం కన్నా ముందు అతనికి తట్టింది వేరు. ఈ మాటలు కొత్తవి కావు. గిరిబాబు పోయిన ఆ గురువారం సాయంత్రం అయిదూ నలభైకి విన్నవే. ఇవే, ఈ వరసలోనే. తర్వాత వచ్చే మాటేదో తనకి తెలుసు.

“ఊపిరాడతన్నాది కాదురా... ఇన్‌హేలర్ అయిపోనాది...”

ఆ రోజు స్టాన్లీకి డ్యూటీ లేదు. ఇదే బల్ల ముందు ఇదే కుర్చీలో ఉన్నాడు. జట్టులో అయిదుగురుంటే ఇద్దరే మిగిలారు. తను, ఇంకెవరో ఊరూ పేరూ తెలియని మనిషి. గెలుపు అంచు మీద ఉంది ఆట.

“ఫోను హాల్లో సార్జింగులో ఉన్నాది... లెగలేకపోతన్నాను... మా యమ్మకి గానీ... గోడవతల లక్ష్మణమ్మత్తకి గానీ... ఎవలికో ఒకలికి ఫోన్ కొట్టరా...”

“ఆగరా. ఈ రౌండు అయిపోనీ.” ఆ రోజు స్టాన్లీ అన్న మాట అది. అని, ఆ రొప్పు చెవుల్లో గరగరలాడుతుంటే శత్రువుల అడుగుల చప్పుడు వినపడటం లేదని గిరిబాబు పేరు మీద నొక్కి గొంతు మూసేశాడు. తన మైకు కూడా ఆపేశాడు. తెర మీద గడియారం రౌండుకి ఇంకా పదకొండు నిమిషాలు చూపిస్తోంది. వాడికి ఆయాసం మామూలే, ఎన్నిసార్లు చూడలేదు? అయిదు నిమిషాలు కూర్చుంటే సర్దుకుంటాడు.

పదకొండు నిమిషాలు స్టాన్లీ ఒక్క మాటా మాట్లాడలేదు. గెలిచాడు. గిరిబాబు గొంతు, తన మైకూ మళ్లీ తెరిచి, “కొట్టేసినాంరా!” అన్నాడు. అటునుంచి ఏమీ లేదు. నీళ్లకి లేచాడేమో అనుకుని లాప్‌టాప్ మూసి టీకి వెళ్లాడు.

ఇప్పుడు తెర మీద గడియారం మళ్లీ పదకొండు నిమిషాల నుంచి దిగుతోంది. పది యాభై తొమ్మిది. పది యాభై ఎనిమిది.

“ఉన్నానురా!” స్టాన్లీ అరిచాడు. “గిరీ, ఉన్నాను, ఇంటన్నాను! ఇప్పుడే కొడతాను ఫోను...”

అటు గొంతు ఆగలేదు. అతని మాట దానికి చేరడం లేదు. ఆ పూట చేరలేదు కాబట్టి ఇప్పుడూ చేరడం లేదు.

హెడ్‌ఫోన్లు లాగి పారేశాడు. చప్పుడు తగ్గలేదు. ఇప్పుడది ఫ్యాను రెక్కల్లోంచి వస్తోంది. బోర్డు తీగ పట్టుకుని పీకేద్దామని చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ నోరు మూస్తావేటిరా అని ఎవరూ అనలేదు. తనకే అనిపించింది.

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కూర్చున్నాడు. విన్నాడు.

ఆ రోజు తను వినని పదకొండు నిమిషాలు... ఇప్పుడు మొత్తం విన్నాడు.

కుర్చీ కిర్రుమంది. ఏదో కింద పడి దొర్లింది, ఖాళీ ఇన్‌హేలర్ కాబోలు. ఊపిరి లోపలికి లాగిన ఈల. ఆగడం. మళ్లీ ఈల. “అమ్మా...” అని ఒకసారి. “స్టాన్లీ...” అని చాలాసార్లు. తిట్టలేదు. ఒక్కసారైనా తిడితే బాగుండును. నాలుగో నిమిషంలో ఏడ్చాడు. ఏడవడానికి కూడా ఊపిరి చాలక మధ్యలో ఆపేశాడు.

స్టాన్లీ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని వింటున్నాడు. ప్రభువా అందామంటే ఆ మాట కూడా రావడం లేదు.

ఏడు నిమిషాలు... మూడు... ఒకటి...

అప్పుడు గిరిబాబు గొంతు మారింది. ఉన్నట్టుండి తేలికపడింది. దారి తప్పిన పిల్లవాడికి ఎవరో తెలిసిన మనిషి కనిపించినట్టు.

“ఆ... ఇంటన్నాను...”

కాసేపు ఏమీ లేదు. ఎవరో అవతల మాట్లాడుతుంటే ఆగి వింటున్నట్టు.

“వస్తన్నాను... వస్తన్నాను మావా... ఉండు...”

కుర్చీ కిర్రుమంది. ఊపిరి ఒకటి పైకి వెళ్లింది. స్టాన్లీ దానితోపాటు తన ఊపిరీ బిగబట్టాడు. అది కిందికి దిగుతుందని ఎదురుచూశాడు.

దిగలేదు.

ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. వాన చప్పుడు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది, అంతవరకూ ఎక్కడో ఆగిపోయి ఉన్నట్టు.

దేవమణి ఆరింటికి వచ్చేసరికి కొడుకు చీకట్లో అలాగే కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

“కరెంటు ఎప్పుడు పోనాదమ్మా?”

“నాలుగింటికి పోనాది. ఊరంతా నేదు. ఏటైనాదిరా నీకు?”

అప్పుడు చెప్పాడు. కార్డు సంగతి సగమే, గురువారం సంగతి మొత్తం. ఆమె దీపం వెలిగించడం మానేసి మంచం మీద కూర్చుండిపోయింది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆయాసం వచ్చినవాడికి ఎన్ని నిమిషాలుంటాయో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఫోన్ కొట్టుంటే బతికేవోడేటమ్మా?” అన్నాడు స్టాన్లీ.

దేవమణి లేచి దీపం వెలిగించింది. “నాకు సెప్పి ఏటి నాబం? ఆ తల్లికి సెప్పు,” అంది. “రేపే ఎల్లు. నాను రానా తోడు?”

“వద్దు.”

సోమవారం పొద్దున పాసింజర్ ఎక్కాడు. చీపురుపల్లి, సిగడాం... ప్రతి స్టేషన్లోనూ దిగిపోయి వెనక్కెళ్లే బండి ఎక్కేద్దామనిపించింది. ఒళ్లో సంచి, సంచిలో ఖద్దరు గుడ్డలో చుట్టిన కార్డు. పొందూరులో దిగి నడుస్తుంటే వాన వెలిసి ఎండ కాస్తోంది. వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లో రాట్నాలు పెట్టుకుని కూర్చున్నారు.

జగ్గమ్మ అరుగు మీద నూలు వడుకుతోంది. పక్కన ఇంకో ఆమె కాళ్లు చాపుకుని, చేప దవడతో పత్తి దువ్వుతోంది. నెరిసిన జుట్టు, వెడల్పు మొహం. గోడవతల ఇంటి లక్ష్మణమ్మ. స్టాన్లీ వచ్చినప్పుడల్లా అరుగు మీంచే పలకరించే మనిషి.

“ఏటి బాబూ, పనిరోజున వచ్చినావు?” అంది జగ్గమ్మ, రాట్నం ఆపకుండానే. “కూకో. మంచినీల్లు తెమ్మంటావా?”

అతను అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాడు. లక్ష్మణమ్మ లేకుండా ఉంటే బాగుండునని అనుకున్నాడు. అది కూడా తప్పించుకోవడమే అనిపించింది. ఉండనీ.

“అమ్మా, నాను అబద్ధం ఆడినాను. ఆవేళ నాకు డ్యూటీ నేదు.”

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. ఇన్‌హేలర్ అయిపోయిందని గిరిబాబు అన్నది, ఫోన్ కొట్టమన్నది, తను ఆగమన్నది, గొంతు మూసేసింది, గెలిచింది, టీకి వెళ్లింది. జగ్గమ్మ మొహం చూడకుండా, తిరుగుతున్న చక్రం వంక చూస్తూ చెప్పాడు. చివరికొచ్చేసరికి చక్రం ఆగింది. దారం తెగింది. ఆమె దాన్ని అతకలేదు.

తిట్టు కోసం, దెబ్బ కోసం చూశాడు.

“తెల్సురా బాబూ,” అంది జగ్గమ్మ.

“ఏటి తెలుసమ్మా?”

“ఆ పూట నువ్వు ఆడితో మాటాడినావని. లక్ష్మణమ్మ ఆవేళే సెప్పినాది. బయపడి దాసుంటావులే అనుకున్నాను. నా కొడుకు ఒంటిగా పోనేదు, సావాసగాడు ఆకరుదాకా మాటాడతానే ఉన్నాడని... అదొక్కటే పట్టుకుని బతుకుతన్నాను నాను.”

స్టాన్లీకి అర్థం కాలేదు. “నేదమ్మా. అదే సెప్తన్నాను. నాను మాటాడనేదు. మైకు ఆపేసినాను. పదకొండు నిమిషాలు ఒక్క ముక్కా...”

పత్తి దువ్వే చప్పుడు ఆగింది.

“అదేటి బాబూ, అలగంతావు?” అంది లక్ష్మణమ్మ. “గోడకి ఇవతల నానున్నాను కాదా. నీ గొంతు నానెరగనా? ఆడు మూలగతన్నాడు, నువ్వు ఊరుకోబెడతన్నావు. నువ్వే వచ్చినావనుకున్నాను గదిలోకి. నీ గొంతు ఇన్నాను గనకే నాను లెగనేదు. సావాసగాడున్నాడు, ఆడే సూసుకుంటాడులే అని...” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “లెగిసుంటే బాగుణ్ను.”

ఎండ మెట్టు మీద పడుతోంది. స్టాన్లీ చేతులు మాత్రం చల్లబడిపోయాయి. గిరిబాబు కంప్యూటరుకి స్పీకర్లు లేవు. ఎప్పుడూ లేవు. ఏది విన్నా హెడ్‌ఫోన్లలోనే. గోడవతలకి వినపడే దారి లేదు.

“అత్తా...” అన్నాడు. తన గొంతు తనకే వినబడలేదు. మళ్లీ అన్నాడు. “అత్తా, ఏటన్నాను నాను?”

“అదే మాట. ఎంతసేపో అదే మాట. ‘బేగి రా మావా. నానిక్కడే ఉన్నాను. బేగి రా...’ మెల్లగా, బుజ్జగించినట్టు. ఆకర్న ఆడు వస్తన్నాను వస్తన్నాను అన్నాడు. మరింక ఇద్దరి మాటా ఇనపడనేదు.”

వీధిలో ఏ ఇంట్లోనో రాట్నం తిరుగుతోంది.

జగ్గమ్మ తెగిన దారం కొస వేళ్ల మధ్య పట్టుకుని, అతను వచ్చాక మొదటిసారి తలెత్తి సూటిగా అతని మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ కళ్లలో. తెలుసుకోవాలనే ఉంది.

“ఎక్కడికి రమ్మన్నావురా ఆడిని?”